7 నెలల పాపతో బాలి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు, కానీ రెండు నెలలు ఆగండి

అమ్మా, మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను. మద్దిలపాలెంలో ఉంటారు. జనవరి మొదట్లో పాపకు 7 నెలలు నిండాయి. తల్లిపాలతో పాటు ఉగ్గు మొదలుపెట్టారు, రాత్రి ఒకసారి డబ్బా పాలు పడుతున్నారు. ఫిబ్రవరి చివర్లో 5 రాత్రులు బాలి వెళ్లాలని మీ ఇద్దరి ఆలోచన. టికెట్లు ఇంకా తీసుకోలేదు. అత్తగారేమో ఇంత చిన్నపిల్లను సముద్రం దాటించడం ఏమిటని గట్టిగా వద్దంటున్నారు. మీవారు మాత్రం "మన వైజాగ్ ఎండ కన్నా, ఉక్క కన్నా బాలి ఏం ఎక్కువ?" అంటున్నారు.

నేను విశాఖలోనే పిల్లల వార్డులో 22 ఏళ్లు నర్సుగా చేశాను. మా మనవరాలికి 10 నెలలప్పుడు అమ్మాయి, అల్లుడితో కలిసి బాలి వెళ్లొచ్చాను. ఆ రెండు అనుభవాలతోనే చెబుతున్నాను. పాపను తీసుకెళ్లొచ్చు, భయం లేదు. కానీ ఫిబ్రవరిలో కాదు, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వెళ్లండి. అప్పుడు కూడా మీరు గీసుకున్న ప్లాన్‌లో సగం కొట్టేయండి.

ఏప్రిల్ అని ఎందుకంటున్నానో చెబుతాను. తట్టు, రుబెల్లా టీకా మన దగ్గర 9 నెలలు నిండాక వేస్తారు. ఫిబ్రవరి చివరికి పాపకు ఆ టీకా పడదు. విమానాశ్రయాల్లో నాలుగు దేశాల జనం ఒకే హాల్లో కూర్చుంటారు. తట్టు గాలి ద్వారా అంటుకునే జబ్బు, అది ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయిన 2 గంటల దాకా గాలిలో ఉండగలదు. తప్పనిసరిగా ముందే వెళ్లాల్సి వస్తే 6 నెలలు దాటిన పిల్లలకు ప్రయాణం కోసం ఒక డోసు ముందుగా వేసే పద్ధతి ఉంది, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోరు, తర్వాత మామూలు డోసులు మళ్లీ వేయించాలి. మీకు తప్పనిసరి ఏమీ లేదు కదా, ఆగితే సరిపోతుంది. ఈ లోపు ఫ్లూ టీకా గురించి మీ పిల్లల డాక్టరుగారిని అడగండి. మొదటిసారి వేసేటప్పుడు 4 వారాల తేడాతో 2 డోసులు కావాలి, కాబట్టి ఇప్పుడే అడిగితే ప్రయాణానికి రెండూ అయిపోతాయి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా 6 నెలలు నిండిన పిల్లలకు వేస్తారు, వేయించారో లేదో కార్డు తీసి చూడండి.

రెండో కారణం వాన. బాలిలో నవంబరు నుంచి మార్చి వరకు వానాకాలం. ఏప్రిల్ నుంచి తెరిపి ఇస్తుంది. మార్చికి జరుపుదామా అంటారేమో, అక్కడ ఇంకో విషయం ఉంది. మార్చిలోనే, చాలా ఏళ్లు మన ఉగాది దగ్గర్లోనే, వాళ్ల కొత్త సంవత్సరం 'న్యేపి' వస్తుంది. ఆ రోజు 24 గంటలూ ఎయిర్‌పోర్టు మూసేస్తారు. దుకాణాలు ఉండవు, హోటల్ గేటు దాటి ఎవరూ బయటికి రాకూడదు. పెద్దవాళ్లకు అది మంచి అనుభవం. డైపర్లు అయిపోయిన తల్లికి మాత్రం కాదు.

ఆగడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది, దాచను. ఏప్రిల్ చివరికి పాపకు 11వ నెల నడుస్తుంటుంది, పాకుతుంది, పట్టుకుని నిలబడుతుంది, ఒళ్లో కుదురుగా ఉండదు. 8 నెలల బిడ్డను విమానంలో ఆపడం తేలిక, ఇది అంత తేలిక కాదు. అయినా టీకా వేయించుకుని వెళ్లడమే మేలంటాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట, మందుల సంచి. దీన్ని ఎప్పుడూ మీ భుజానికే తగిలించుకోండి. మేము ఆ పొరపాటు చేశాం. మందులన్నీ పెద్ద పెట్టెలో సర్ది చెక్-ఇన్ చేసేశాం. ఆ పెట్టె మాతో పాటు దిగలేదు, మర్నాడు సాయంత్రానికి చేరింది. ఆ రాత్రే మనవరాలికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. అల్లుడు వెళ్లి మందుల షాపు వెతికి పారాసిటమాల్ సీసా తెచ్చాడు. మా అమ్మాయి కంగారులో ఇంట్లో అలవాటున్నట్టే డ్రాపర్‌తో ఒక ఎం.ఎల్. తీసి నోటి దగ్గర పెట్టబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. బాత్‌రూం లైటు కింద నిలబడి లేబుల్ చదివాను. భాష రాకపోయినా అంకెలు అర్థమవుతాయి కదా. 5 ఎం.ఎల్.లో 120 మిల్లీగ్రాములు అని ఉంది.

మన ఇళ్లల్లో ఉండే చంటిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా 1 ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మా పాప బరువు ఏడున్నర కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఆమెకు 112 చిల్లర కావాలి. మన డ్రాప్స్ అయితే 1.1 ఎం.ఎల్., ఆ సీసాతో అయితే సుమారు 4.7 ఎం.ఎల్. అమ్మాయి పట్టబోయిన ఒక్క ఎం.ఎల్.తో జ్వరం దిగేది కాదు. అది తక్కువ డోసు, ప్రమాదం లేదు. దీన్నే తిరగేసి ఆలోచించండి. సిరప్ అలవాటున్న తల్లి చేతికి డ్రాప్స్ సీసా వచ్చి, 5 ఎం.ఎల్. పట్టేస్తే అది 500 మిల్లీగ్రాములు. ఆ బరువున్న బిడ్డకు నాలుగు రెట్లకు పైనే. వార్డులో ఈ పొరపాటుతో వచ్చిన పిల్లల్ని చూశాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

అందుకని బయలుదేరే వారంలో పాపను తూకం వేయించండి. మీ డాక్టరుగారితో ఆ బరువుకు డోసు ఎంతో, ఏ సీసా నుంచి ఎన్ని ఎం.ఎల్. పట్టాలో, ఎన్ని గంటల తేడా ఉండాలో కాగితం మీద రాయించుకోండి. ఆ సీసానే 2 తీసుకోండి, ఒకటి మీ దగ్గర, ఒకటి మీవారి దగ్గర. సిరంజి లేదా డ్రాపర్ కూడా ఇక్కడిదే పట్టుకెళ్లండి. థర్మామీటరు మర్చిపోవద్దు. దగ్గు, జలుబు సిరప్‌లు మాత్రం ఇక్కడ కొనొద్దు, అక్కడ అసలే కొనొద్దు. 2022లో ఇండోనేషియాలో కలుషితమైన సిరప్‌లు తాగి కిడ్నీలు పాడై 200 మందికి పైగా పిల్లలు చనిపోయారు. మన దేశంలోనూ అలాంటి విషాదాలు జరిగాయి. ఈ వయసు పిల్లలకు ఆ సిరప్‌ల అవసరమే లేదు. జలుబుకు సెలైన్ చుక్కలు చాలు.

జ్వరం మాట వచ్చింది కాబట్టి దోమల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బాలిలో పర్యాటకులు తిరిగే చోట్ల మలేరియా బెడద పెద్దగా లేదు. మన పాడేరు, అరకు వైపు వెళ్లేటప్పుడు పడే భయం అక్కడ అక్కర్లేదు. డెంగీ మాత్రం ఉంది. డెంగీ దోమ పగటి దోమ. పొద్దున్న, మళ్లీ సూర్యాస్తమయానికి ముందు ఎక్కువగా కుడుతుంది. రాత్రి దోమతెర కట్టి, పగలు పాపను చేతుల్లేని గౌనుతో తోటలో తిప్పితే లాభం లేదు. పల్చటి నూలు బట్ట, పొడుగు చేతులు, కాళ్లు కప్పే పైజమా వేయండి. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న దోమల మందును మీ చేతికి రాసుకుని పాప ఒంటికి పల్చగా పూయండి. డీట్ 30 శాతం మించకూడదు. పాప చేతివేళ్లకు, నోటి చుట్టూ, కళ్ల దగ్గర రాయొద్దు, ఈ వయసులో చెయ్యి నోట్లోనే ఉంటుంది కదా. నిమ్మ యూకలిప్టస్ నూనెతో చేసినవి 3 ఏళ్ల లోపు పిల్లలకు వాడరు. అక్కడ ఉండగా జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. ఇబుప్రోఫెన్, మెఫినమిక్ యాసిడ్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావానికి దారితీయవచ్చు.

నీళ్లు, తిండి సంగతి చూద్దాం. బాలిలో కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు. పెద్దవాళ్లకే కడుపు పాడవుతుంది, దానికి అక్కడ 'బాలి బెల్లీ' అని పేరు కూడా ఉంది. సీలు ఉన్న సీసా నీళ్లు కొని, వాటినే గదిలోని కెటిల్‌లో బాగా మరిగించండి. ముందొకసారి ఉత్తనే నీళ్లు మరిగించి పారబోస్తే ఆ కెటిల్‌లో ఎవరేం కాచుకున్నారో అన్న బెంగ ఉండదు. పాలపొడి కలిపేటప్పుడు నీళ్లు మరీ చల్లారిపోకుండా, కనీసం 70 డిగ్రీల వేడి మీద కలపాలి. పొడిలోనే క్రిములు ఉండొచ్చు, ఆ వేడికి అవి చస్తాయి. మరిగాక అరగంట లోపు కలిపి, తర్వాత సీసాను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి పట్టండి. మిగిలిన పాలు 2 గంటలు దాటితే పారబోయండి. పాలసీసాలు, గిన్నె, చెంచా కడిగాక ఆఖరున తొలిచే నీళ్లు కూడా మరిగించినవే కావాలి. స్నానం చేయించేటప్పుడు నోరు తెరిచి నీళ్లు మింగకుండా చూసుకోండి.

తల్లిపాలు ఆపొద్దు. ప్రయాణాల్లో, వేడి ప్రాంతాల్లో దాన్ని మించిన రక్షణ లేదు. కొత్త చోట మామూలు కంటే ఎక్కువసార్లు అడుగుతుంది, ఇవ్వండి. ఉగ్గు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి మెత్తగా పట్టిన పిండి, రాగి పిండి, ఒక్కోపూటకు సరిపడా చిన్న చిన్న పొట్లాలు కట్టుకోండి. వేడినీళ్లు పోసి, అది బాగా ఉడికేలా కాచుకునే చిన్న ఎలక్ట్రిక్ గిన్నె ఒకటి మీ పెట్టెలో ఉంటే హోటల్ వంటింటి మీద ఆధారపడక్కర్లేదు. ఈ పొట్లాల పని మీ అత్తగారికి అప్పగించండి. ఆవిడ వద్దంటున్నది పాప ఏం తింటుందో, ఎలా ఉంటుందో అన్న బెంగతోనే. తన చేతి పిండి పాపతో వెళ్తోందంటే సగం బెంగ తీరుతుంది. అక్కడ 'బుబుర్' అనే బియ్యం జావ దొరుకుతుంది, ఉప్పు, మసాలా లేకుండా అడిగితే పాపకు పనికొస్తుంది. సింగపూర్ మీదుగా వెళ్తే ఏ పొడిలోనూ గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడ అవి నిషేధం. ఏడాది నిండే వరకు తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే.

విరేచనాలు పట్టుకుంటే మొదట ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లు 6 తీసుకోండి, తీపి పానీయాల డబ్బాలు వద్దు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని ఉంటే అన్నే, కొలిచి కలపాలి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 ఎం.ఎల్. వరకు చెంచాతో నిదానంగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. మాడు లోపలికి పోయినట్టు కనిపించినా, 6 గంటలు డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, పాలు తాగలేనంత నీరసంగా ఉన్నా ఇక గదిలో ఉండొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హోటల్ ఎంచుకునే ముందే దగ్గర్లో పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో చూసుకుని, ఆ హోటల్‌కే డబ్బు కట్టండి. కొండల్లో, పొలాల మధ్య ఉన్న విల్లా ఫొటోలో ఎంత బాగున్నా ఈసారికి వదిలేయండి.

విమానం గురించి మీకున్నంత టెన్షన్ నాకు లేదు. విశాఖ నుంచి సింగపూర్ 4 గంటలు, అక్కడి నుంచి బాలి రెండున్నర గంటల పైచిలుకు. చెవినొప్పి ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఎక్కువ. ల్యాండింగ్‌కు అరగంట ముందు నుంచే కిందికి దిగడం మొదలవుతుంది. అప్పుడు పాప నిద్రపోతున్నా లేపి పాలు పట్టండి. మింగుతుంటే చెవిలోని గాలి సర్దుకుంటుంది. టేకాఫ్ ముందు పూర్తిగా కడుపు నింపేస్తే గాలిలో ఉండగా తాగదు, కొంచెం ఆకలి మిగల్చండి. జలుబుగానీ, చెవి పోటుగానీ ఉంటే బయలుదేరే ముందు డాక్టరుకు చూపించాలి. మధ్యలో ఒకే నడవ ఉండే చిన్న విమానాల్లో సాధారణంగా ఊయల ఉండదు, పాప మీ ఒళ్లోనే ఉండాలి. చేతిసంచిలో ద్రవాలకు ఉండే 100 ఎం.ఎల్. నిబంధన పాపకు కావలసిన పాలు, నీళ్లు, తిండికి అడ్డురాదు, తనిఖీ దగ్గర బయటికి తీసి చూపించండి.

మెత్తని పాత నూలు చీర ఒకటి చేతిసంచిలో పెట్టుకోండి. మా అమ్మాయి స్ట్రోలర్ పట్టుకొచ్చింది, బాలిలో ఫుట్‌పాత్‌లు ఎగుడుదిగుడు, దాన్ని గదిలోనే వదిలేశాం. చీర మాత్రం ఒక్కరోజు కూడా మడత పెట్టలేదు. విమానంలో ఏసీ చలికి దుప్పటి, పాలిచ్చేటప్పుడు చాటు, హోటల్ పక్క మీద పాపకు తన ఇంటి వాసన ఉన్న పరుపు. కొత్తచోట ఏడ్చిన పిల్ల ఆ చీరలో మొహం పెట్టుకుని పడుకుంది. దాంతో పాటు ముందుకు కట్టుకునే బేబీ క్యారియర్ చాలు.

గడియారం సంగతి చాలామంది ఆలోచించరు. బాలి మనకంటే రెండున్నర గంటలు ముందు. 5 రోజుల కోసం పాప వేళలు మార్చకండి. ఇంట్లో రాత్రి 8కి పడుకునే పిల్ల అక్కడ పదిన్నరకు పడుకుంటుంది, పొద్దున్న 6కి లేచేది ఎనిమిదిన్నరకు లేస్తుంది. అంటే సాయంత్రం చల్లబడ్డాక మీరు హాయిగా బయట భోజనం చేయొచ్చు. పొద్దున్నే సూర్యోదయం ట్రెక్కింగ్ మాత్రం కుదరదు. అదే నేను సగం కొట్టేయమన్నది. రోజుకు ఒక్క చోటికి, అదీ గంట లోపు దూరంలో. మధ్యాహ్నం గదిలో. పడవలో వేరే దీవులకు వెళ్లడం ఈసారి వద్దు.

మీవారి మాట దగ్గరికి వస్తాను. ఉక్క మనకు అలవాటే, నిజమే. కానీ బాలి భూమధ్యరేఖకు మన కంటే బాగా దగ్గర, అక్కడ ఏడాది పొడుగునా ఎండ తీవ్రంగానే ఉంటుంది. మన పిల్ల నల్లబడుతుందని కాదు, లేత చర్మం కాలుతుందని భయం. 10 నుంచి 4 దాకా నీడలోనే ఉంచండి. వెడల్పు టోపీ పెట్టండి, 6 నెలలు దాటింది కాబట్టి ఎస్.పి.ఎఫ్. 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ క్రీము ముందు రాసి, దోమల మందు దాని మీద రాయండి. చెమటకాయలకు పౌడరు చల్లొద్దు, తడిబట్టతో తుడిచి గాలి ఆడనివ్వండి. ఆర్.కే. బీచ్‌లో అలల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటారో అక్కడా అంతే, నీళ్ల దగ్గర పాప మీ చేతికి అందే దూరం దాటకూడదు.

కుక్కలు, కోతులు. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. ఉబుద్ కోతుల అడవికి పాపతో వెళ్లకండి, చేతిలో బిస్కెట్ ఉంటే కోతి మీదికి దూకుతుంది. గోరు గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

కాగితాలు. ముందు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన జనన ధ్రువపత్రంలో పాప పేరు ఎక్కిందో లేదో చూడండి. చాలామంది పేరు పెట్టకముందే తీసుకుని అలాగే ఉంచేస్తారు. ఏడాది లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి ఆ పత్రం ఒక్కటే ఆధారం. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లేటప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాప ఫొటో మీరే తీసుకెళ్లాలి, తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన డిక్లరేషన్ కావాలి. పాస్‌పోర్టు చేతికి వచ్చాకే టికెట్లు తీసుకోండి. బాలిలో దిగాక తీసుకునే వీసాకు మనిషికి 5,00,000 ఇండోనేషియా రుపియాలు, పాపకూ కట్టాలి. 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీయులకు 1,50,000 రుపియాల పర్యాటక లెవీ అదనం. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. సింగపూర్‌లో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే అక్కడి ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వేరే వీసా కావాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పాప వయసు కవర్ అవుతుందా అని కొనకముందే అడగండి, కొన్ని పాలసీలు చంటిపిల్లల్ని కొన్ని నెలల వయసు నుంచే తీసుకుంటాయి. బాలి రాజధాని డెన్‌పసార్‌లో మన దేశపు కాన్సులేట్ ఉంది, ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

తిరిగొచ్చిన 2 వారాల లోపు పాపకు జ్వరం వస్తే, పళ్లు వస్తున్నాయనో దిష్టి తగిలిందనో ఇంట్లో కూర్చోకండి. డాక్టరుగారి దగ్గర కూర్చోగానే మొదటి మాటగా "బాలి వెళ్లొచ్చాం, ఫలానా తేదీన దిగాం" అని చెప్పండి. ఆయన రాయించే రక్తపరీక్ష దాన్ని బట్టే ఉంటుంది.